పదహారు మందికి ఒకే పుట్టినరోజు

మీ ఆఫీసుల్లో ఇప్పుడు ఎవరి పుట్టినరోజు వచ్చినా కంప్యూటరే గుర్తుపెట్టుకుని శుభాకాంక్షలు పంపిస్తుందట. మంచిదే. కంప్యూటరు కనీసం తనకు ఇచ్చిన తేదీని పట్టుకుని ఉంటుంది, సొంతంగా కల్పించదు. నేను కల్పించాను. ఒకరికో ఇద్దరికో కాదు, పదహారు మందికి. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకు ఏమన్నా చెప్పమంటే పెద్దలందరూ తమ విజయాలు చెబుతారు. నాకు చెప్పుకోదగ్గవి పెద్దగా లేవు కాబట్టి ఈ ఘనకార్యం చెబుతాను.

మహబూబాబాదులో, అంటే మా నోట మానుకోటలో, ఒక బేకరీలో నేను గుమస్తాగా ఉండేవాణ్ణి. ముందు గదిలో కొట్టు, వెనక రేకుల షెడ్డులో కట్టెల భట్టీ. పందొమ్మిది మంది పనివాళ్ళు. యజమానులు క్రైస్తవులు, భార్యాభర్తలిద్దరూ పొద్దున ఆరింటికల్లా దుకాణంలో ఉండేవాళ్ళు. ఆయనను సారు అనీ, ఆమెను అమ్మ అనీ పిలిచేవాళ్ళం. పనివాళ్ళలో క్రైస్తవులు ఇద్దరే. మిగతావాళ్ళు హిందువులు, ముస్లింలు, గార్ల, బయ్యారం వైపు తండాల నుంచి బస్సెక్కి వచ్చే లంబాడా వాళ్ళు. నేను కౌంటరు చూసుకునేవాణ్ణి, హాజరు వేసేవాణ్ణి, గవర్నమెంటుకు పంపాల్సిన కాగితాలన్నీ నింపేవాణ్ణి. నా కాగితంలో తప్పు పట్టినవాడు ఇంతవరకు పుట్టలేదని బజారంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి కూడా.

సారుకు పనివాళ్ళంటే ప్రాణం. ఆ ప్రేమకు హద్దు లేదు, ఒక్కోసారి ముందూ వెనకా కూడా లేదు. ఒక డిసెంబరులో చలి ఎక్కువగా ఉందని అందరికీ ఉన్ని స్వెటర్లు తెచ్చి తన చేతులతో తొడిగాడు. భట్టీ దగ్గర పనిచేసేవాళ్ళకు కూడా తొడిగాడు. సారు మనసు నొచ్చుకుంటుందని వాళ్ళు మంటల ముందు స్వెటర్లు వేసుకుని మధ్యాహ్నం దాకా బన్నులు కాల్చారు. ఇంకోసారి ఎవరో కాళ్ళ నొప్పులన్నారని అందరికీ కుర్చీలు వేయించాడు. కుర్చీలో కూర్చుని పిండి ఎట్లా పిసకాలో ఎవరికీ అర్థం కాక, ఆ కుర్చీల మీద ట్రేలు పెట్టుకున్నాం.

పొద్దున్నే సారు అందరి క్షేమం కోసం ప్రార్థన చేసేవాడు. ఇష్టమున్నవాళ్ళు వచ్చి నిలబడవచ్చు, లేనివాళ్ళు పని చేసుకోవచ్చు, బలవంతం ఏమీ ఉండేది కాదు. అయితే సారు ఒక్కొక్కరి పేరు, వాళ్ళ పిల్లల పరీక్షలు, వాళ్ళ బర్రెల జబ్బులు, అన్నీ వివరంగా దేవుడికి విన్నవించేవాడు. అప్పటికే భట్టీలో మొదటి వాయి బన్నులు ఉండేవి. అవి రంగు తిరిగే వాసన రాగానే భట్టీ మేస్త్రీ గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు వినబడితే సారు ఎవరి పేరు దగ్గర ఉన్నా ఆమెన్ అనేవాడు. నా పేరు జాబితాలో చివరిది. అందువల్ల నా క్షేమం గురించి దేవుడికి చాలా ఏళ్ళు కబురే వెళ్ళలేదు.

ఆ మేస్త్రీని అందరం చాచా, అంటే బాబాయి, అనేవాళ్ళం. గుండెల దాకా తెల్లటి గడ్డం. నేను కూడా చాచా అనేవాణ్ణి, ఆయన నన్ను అన్నా అనేవాడు. ఎందుకలా అంటున్నాడని ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. భట్టీ కట్టించిన రోజు నుంచి దాని ముందు ఉన్నది ఆయనే. లోపలికి చెయ్యి పెట్టి, మనసులో ఏవో నాలుగు అంకెలు లెక్కపెట్టి, వేడి సరిపోయిందో లేదో చెప్పేవాడు. చేతికి చుట్టుకునే గోనె గుడ్డ ఒకటి ఆయనకు ఉండేది. దాన్ని ఇంకెవరైనా ముట్టుకుంటే ఆ పూటంతా వాళ్ళతో మాట్లాడేవాడు కాదు.

ఈ గొడవంతా అమ్మ అడిగిన ఒక ప్రశ్నతో మొదలైంది. మా దగ్గర కేకుల మీద పేర్లు రాసే ఒకామె ఉండేది. బయ్యారం దగ్గర తండా మనిషి. ట్రేలు కడగడానికి వచ్చి, చూసి చూసి అక్షరాలు నేర్చుకుని, క్రీము కోను పట్టిందంటే చెయ్యి ఆగేది కాదు. డిసెంబరు మొదట్లో ఒకరోజు అమ్మ ఆమె పక్కన నిలబడి చూస్తూ అడిగింది.

"బిడ్డా, దినాం గిన్ని పేర్లు రాస్తవ్. నీ పేరు రాసిన కేకు ఎన్నడన్న కోసినవా?"

"నా పేరు రాయుమని ఎవ్వలడుగుతరమ్మా?" అని నవ్వి, ఆమె ఇంకో కేకు ముందుకు లాక్కుంది.

అమ్మ ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం సారు నన్ను పిలిచాడు.

"అన్నా, పుట్టినరోజు కేకులు అమ్ముకోని బతుకుతున్నం. మనోళ్ళకు ఒక్కనాడు పెట్టలే. ఇగ నుంచి ఎవరి పుట్టినరోజుకు వాళ్ళింటికి నేను, అమ్మ కేకు పట్టుకోని పోతం. జరసేపు ప్రార్థన చేసొస్తం. దేవుని ముంగట మాటిచ్చిన. నీ రిజిస్టరు తీసి తారీఖులు చెప్పు."

రిజిస్టరు తెరిచాను. చూడగానే మళ్ళీ మూసేశాను. ఎందుకో తెలియాలంటే ఆ తారీఖుల చరిత్ర తెలియాలి.

అంతకు కొన్నేళ్ళ ముందు పనివాళ్ళ బీమా కాగితాలు వచ్చాయి. సాయంత్రంలోపు నింపి పంపాలి. ఎండాకాలం, కరెంటు లేదు, కౌంటరు దగ్గర గిరాకీ. అందరినీ వరసగా నిలబెట్టి ఎప్పుడు పుట్టావని అడగడం మొదలుపెట్టాను. ఒకడు మిరపకాయలు ఏరేటప్పుడన్నాడు. ఒకామె వాళ్ళ అన్న పెళ్ళికి ముందటి ఏడు అంది. మూడోవాడు, "గదంత మా అవ్వకెరుక, పిలుసుకొస్త ఆగు" అని ఊరికి బయల్దేరబోయాడు. అక్కడితో నా ఓపిక సరి. బడి సర్టిఫికెట్లు ఉన్న ముగ్గురిని వదిలేసి, మిగతా పదహారు మందికీ కాగితాల్లోనూ రిజిస్టరులోనూ జనవరి ఒకటి అని రాసుకుంటూ పోయాను. సంవత్సరం మాత్రం మనిషిని చూసి వేశాను. చాచా తన కార్డు ఇంటి దగ్గర ఉందని, తెల్లారి తెస్తానని అన్నాడు. తెల్లారేదాకా ఎవరు ఆగుతారు? గడ్డం చూశాను, ఒక సంవత్సరం వేసేశాను. ఆ కాగితాల మొహం మళ్ళీ ఎవరూ చూడలేదు, నేను కూడా మరిచిపోయాను.

"చెప్పన్నా," అన్నాడు సారు.

"జనవరి ఒకటి," అన్నాను.

"ఎవరిది?"

"పదహారు మందిది సారూ."

అప్పుడే నిజం చెప్పి ఉంటే నాలుగు చీవాట్లతో పోయేది. కానీ సారు ముఖం వెలిగిపోయింది. లేచి నిలబడి అమ్మను కేకేశాడు.

"ఇన్నవా? పదహారు మందిని ఒక్కటే దినం పుట్టించి, మన ఒక్క భట్టీకాడికి తోలిండు దేవుడు! గిది మామూలు సంగతి కాదు!"

అమ్మ నా వైపు ఒకసారి ఎగాదిగా చూసింది. నేను పెన్ను మూత ఎక్కడ పడిందో వెతుక్కున్నాను.

సంగతి అక్కడితో ఆగినా బాగుండేది. క్రిస్మస్ ముందటి ఆదివారం సారు మమ్మల్నందరినీ వాళ్ళ మందిరంలో విందుకు పిలిచాడు. భోజనాలకు ముందు సాక్ష్యం చెబుతానని లేచి, ఆ పదహారు మందినీ ముందుకు రమ్మన్నాడు. ఏ తండ్రికి ఏ ఊళ్ళో పుట్టినా అందరినీ ఒకే రోజు పుట్టించిన దేవుడి ఏర్పాటు గురించి చాలాసేపు చెప్పాడు. పాస్టరు గారు హల్లెలూయ అన్నారు. సభంతా స్తోత్రం అంది. ముందు వరసలో ఒక ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. పేర్లు రాసే ఆమె తిరిగి వచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"అన్నా, నేను జనవరిల పుట్టిన్నా? మా యాడి వానకాలమంటదేంది?" వాళ్ళ భాషలో యాడి అంటే అమ్మ.

"మందిరంల మాట్లాడొద్దు," అన్నాను.

బగారన్నం, కోడికూర వడ్డించారు. అంత మంచి విందులో ముద్ద దిగకపోవడం నా జీవితంలో అదొక్కసారే.

ఇంకా పెద్ద ఉపద్రవం ఆ మర్నాడు తెలిసింది. సారు నన్ను పక్కకు తీసుకెళ్ళి, రహస్యంగా, సంతోషంగా చెప్పాడు.

"నీ రిజిస్టరు ప్రకారం మన చాచాకు జనవరి ఒకటికి అరవై నిండుతున్నయి. మా బాపు అరవై దాటినంక గూడ మిల్లుల బస్తాలు మోసి మోసి పోయిండు. నా దగ్గర ఎవ్వలు గట్ల కావద్దన్నా. చాచాను ఇంట్ల నిమ్మళంగ కూసోబెడత. నెలనెలా జీతం ఇంటికే పోతది. శాలువ గూడ తెచ్చినం. ఆయనకు చెప్పకు, ఆ దినం చెప్పి ఖుషీ చేద్దాం."

"మరి భట్టీ?" అన్నాను.

"జనగామల ఒక మేస్త్రీతోని మాట్లాడిన. రెండో తారీఖు నుంచి వస్తడు."

సారు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. చాచాకు అరవై లేవని నాకు తెలుసు. ఎన్ని ఉన్నాయో మాత్రం తెలియదు.

మానుకోటలో రహస్యం మూడు రోజులు ఆగితే గొప్ప. మైదా బస్తాలు దించే అతని ద్వారా జనగామ మేస్త్రీ సంగతి చాచా చెవిన పడింది. ఒక మధ్యాహ్నం గిరాకీ లేని వేళ కౌంటరు ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆయన భట్టీ వదిలి ముందు గదిలోకి రావడం నేను అంతకు ముందు చూడలేదు.

"అన్నా, నన్ను తీసేస్తున్నరంట. ఏం తప్పు చేసిన? బన్నులు మాడ్చిన్నా?"

"తీసేసుడు కాదు చాచా. సారు నీకు విశ్రాంతి ఇద్దామనుకుంటున్నడు. అంత ప్రేమతోనే."

"గా ప్రేమకే భయమైతున్నదన్నా. ఇంట్ల కూసోని నేనేం జెయ్యాలె? గోడలు జూడాల్నా? చేతులు మంచిగున్నయి, కండ్లు మంచిగున్నయి. భట్టీ లేకుంట నాకు ఇంకేం రాదు. సారుకు ఎదురు చెప్పలేను, మస్తు సాయం చేసిండు నాకు. నీ మాటింటడు. జర నువ్వు చెప్పన్నా."

"చూస్త," అన్నాను. ఆ ఒక్క మాట అన్నందుకు ఆయన నాకు దండం పెట్టి వెళ్ళాడు. చూస్తానన్న నేను ఏమీ చూడలేదు. రోజూ సారు గది గుమ్మం దాకా వెళ్ళేవాణ్ణి, బ్రెడ్డు కవర్లు అయిపోయాయనో, బల్లి ఉందనో చెప్పి వచ్చేసేవాణ్ణి. నిజం చెబితే చాచా పని దక్కుతుంది, నా పేరు పోతుంది. నా పేరు నాకు అంత ముద్దుగా ఉండేదని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

డిసెంబరు ముప్పై ఒకటిన మా ఊళ్ళో ప్రతి ఇంటికీ కేకు కావాలి. దుకాణం ముందు షామియానా వేసి, రోడ్డు సగం దాకా బల్లలు పరిచి, వాటి మీద కూల్ కేకుల డబ్బాలు గుట్టలుగా పెట్టాం. ఆ హడావుడిలో పదహారు మందికి తెలియకుండా వాళ్ళ కేకులు తయారు కావాలి. చేసేదేమో వాళ్ళే. అందుకని సారు అదొక హాస్టలు వాళ్ళ ఆర్డరని అబద్ధం చెప్పించాడు, అది కూడా నాతోనే. పేర్లు రాసే ఆమె చీటీ చూస్తూ రాసుకుంటూ పోయి, ఏడో కేకు దగ్గర ఆగింది.

"అన్నా, గీ హాస్టల్ల అన్ని మన పేర్లే ఉన్నయేంది?"

"పేర్లు ఎవరి సొత్తు?" అని కసిరాను.

ఆమె కేకును మాత్రం అమ్మ లోపలికి తీసుకెళ్ళి తనే పేరు రాసింది. కోను పట్టడం అలవాటు లేక అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నేను కూడబలుక్కుని చదివినా ఆ పేరు తేలలేదు. అమ్మ మాత్రం దాన్ని చూసి మురిసిపోయింది.

మర్నాడు మందిరంలో కొత్త సంవత్సరం ఆరాధన అయిపోగానే బ్రెడ్డు పంచే వ్యానులో పదహారు కేకులతో బయల్దేరాం. సారు, అమ్మ, డ్రైవరు పక్కన ముడుచుకుని నేను. సారు ఒక విషయం మరిచిపోయాడు. ముప్పై ఒకటిన పగలంతా నిలబడి పనిచేసిన మనుషులకు ఒకటో తారీఖున కావలసింది కేకు కాదు, నిద్ర. మొదటి ఇంట్లో పిండి కలిపే అతను సగం కళ్ళతో తలుపు తీశాడు. ఎదురుగా సారు, చేతిలో కేకు డబ్బా. అతనికి గుండె ఆగినంత పనైంది.

"వాపస్ వచ్చిందా సారూ? క్రీము పులిసిందా? నేను పిండే కలిపిన సారూ, క్రీము నేను కలపలే!"

అది అతని పుట్టినరోజని నమ్మించడానికి చాలాసేపు పట్టింది. నమ్మాక, కేకు కోసి మొదటి ముక్క అమ్మ నోట్లో పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నావంటే ఎవరూ ఎప్పుడూ ఇట్లా రాలేదన్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. సారు చేస్తున్నది పిచ్చి పని అని అప్పటిదాకా అనుకున్నాను, ఆ ఇంట్లో నిలబడ్డాక అనుకోలేకపోయాను.

ఊళ్ళో ఇళ్ళు గట్టెక్కాయి. గార్ల వెళ్ళాక కథ అడ్డం తిరిగింది. అక్కడ ట్రేలు మోసే అతని తల్లి కేకును చూసి బుగ్గన వేలేసుకుంది.

"ఇయ్యాల పుట్టినరోజేంది సారూ? మావోడు మిరుగం నాడు పుట్టిండు. నాకు మంచిగ యాదికున్నది. గా దినం ఇంట్ల చేపల కూర పొయ్యి మీదున్నది, నాకు నొప్పులు మొదలైనయి. ఆ కూర గూడ నాకు పెట్టలే."

సారు నా వైపు చూశాడు.

"వాళ్ళ పంచాంగం వేరు సారూ," అన్నాను.

"ఎంత వేరైనా జూన్ల వచ్చే మిరుగం జనవరిల వస్తదా అన్నా?" అన్నాడు సారు. నేను డ్రైవరును వ్యాను తిప్పమని తొందర పెట్టాను.

అక్కడి నుంచి బయ్యారం దగ్గర తండాకు పోయాం. పేర్లు రాసే ఆమె కేకు మీద తన పేరును ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. తర్వాత అమ్మను కావలించుకుని, "అమ్మా, నీ చేత్తోని గిట్ల రాస్తే గిరాకులు మనల్ని కొడతరు" అంది. ఇద్దరూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఈలోగా వాళ్ళ యాడి తన భాషలో గబగబా ఏదో చెప్పింది. కూతురు తెలుగులో చెప్పింది. తను పుట్టిన రోజు జోరు వాన, వాగు పొంగింది, మంత్రసానిని నలుగురు మగవాళ్ళు ఎత్తుకుని దాటించారు. జనవరిలో మా వైపు వాగులో కాలు తడవడం కూడా కష్టం. సారు ప్రార్థన చేశాడు కానీ ఆ ప్రార్థన చాలా చిన్నదిగా ఉంది.

తిరుగు దారి పట్టాం. అమ్మ ఒక్కసారి అడిగింది.

"అన్నా, నీకేమన్న ఎరుకనా?"

"నాకేమెరుకమ్మా," అన్నాను.

ఇంకా ఎండ ఉండగానే చాచా ఇల్లు చేరాం. చివరి ఇల్లు కావాలనే పెట్టుకున్నాడు సారు. చాచా ఉతికిన లాల్చీ వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన భార్య మాకు మంచం మీద దుప్పటి పరిచింది. కేకు కోశారు. ప్రార్థన చేసుకోవచ్చా అని సారు అడిగితే, "దువా ఎవ్వలు చేసినా దువానే గద సారూ" అందామె. ప్రార్థన అయ్యాక సారు శాలువా విప్పి చాచా భుజాల మీద కప్పి, తన ఏర్పాటంతా చెప్పాడు. రేపటి నుంచి మంట ముందు నిలబడే పని లేదని, హాయిగా ఇంట్లో ఉండమని అన్నాడు. చాచా కళ్ళ నుంచి నీళ్ళు కారి గడ్డంలోకి దిగాయి.

"చూడన్నా, ఎంత ఖుషీ అయిండో!" అన్నాడు సారు నాతో.

చాచా లోపలికి వెళ్ళి వచ్చాడు. చేతిలో ఆ గోనె గుడ్డ ఉంది. ఉతికి, మడత పెట్టి ఉంది. రెండు చేతులతో సారుకు ఇచ్చాడు.

"కొత్త మేస్త్రీకి ఇయ్యుండ్రి సారూ. లోపట ఎడమ మూలకు జర వేడెక్కువ. చెప్పుండ్రి ఆయనకు."

నా వల్ల కాలేదు. మంచం మీద నుంచి లేచాను.

"సారూ, ఆయనకు అరవై లేవు."

"కాగితంల ఉన్నది గదన్నా."

"కాగితంల రాసింది నేనే. గడ్డం జూసి రాసిన."

చాచా చెయ్యి మెల్లగా గడ్డం మీదికి వెళ్ళింది.

"గడ్డం జూసినవా అన్నా? గిది మా ఖాందాన్ గడ్డం. మా అబ్బాకు గూడ ముప్పై దాటంగనే తెల్లవడ్డది!"

లోపలికి వెళ్ళి కార్డు తెచ్చాడు. నేను వేసిన సంవత్సరానికీ అందులో ఉన్నదానికీ తొమ్మిదేళ్ళ తేడా ఉంది. నాకంటే ఏడేళ్ళు చిన్నవాణ్ణి ఇన్నాళ్ళూ చాచా అని పిలిచాను.

"మరి తారీఖు?" అన్నాడు సారు.

"అది గూడ నేనే రాసిన."

"అందరిది?"

"పదహారు మందిది."

సారు మంచం మీద కూలబడ్డాడు. "అన్నా, నేను మందిరంల సాక్ష్యం చెప్పిన గదన్నా" అని మాత్రం అన్నాడు. ఆ మాటకు అమ్మ పక్కున నవ్వింది. ఆపుకోవాలని చూసింది, కాలేదు. మిరుగం చేపలు, పొంగిన వాగు, వాపస్ వచ్చిన కేకు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగి వంగి నవ్వింది. చాచా భార్య నవ్వింది. చాచా తడి గడ్డంతోనే నవ్వాడు. సారు, నేను నవ్వలేదు. సారు లేచి, ఆ గోనె గుడ్డను తిరిగి చాచా చేతుల్లో పెట్టాడు.

"తప్పయింది. నిన్ను ఒక్క మాట అడిగితే అయిపోతుండె. రేపొద్దుగాల రా."

శాలువా మాత్రం చాచా తిరిగి ఇవ్వబోతే అమ్మ తీసుకోలేదు. చలికాలమే కదా, ఉంచుకొమ్మంది. జనగామ మేస్త్రీకి సారు అక్కడి నుంచే ఫోను చేసి క్షమాపణ చెప్పాడు.

తర్వాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే నేను మందిరానికి వెళ్ళాను. తిట్లు తినడానికి సిద్ధమై, వెనక బెంచీలో కూర్చున్నాను. సారు లేచి నిలబడ్డాడు.

"మొన్న నేను చెప్పింది అద్భుతం కాదు, పొరపాటు. నా దగ్గర ఏండ్ల సంది పనిచేసేటోళ్ళు ఎప్పుడు పుట్టిన్రో నాకు ఎరుక లేదు. వాళ్ళనడగలే, కాగితాన్నడిగిన. వాళ్ళకు ఏం గావాల్నో గూడ అడగలే, నేనే అనుకున్న. ఒక మనిషి బతుకుదెరువు తీసి, శాలువ కప్పి, ప్రేమ అనుకున్న. దేవుడు నన్ను క్షమించాలె."

నా పేరు ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని బెంచీ పట్టుకుని కూర్చున్నాను. రాలేదు. బయటికి వచ్చాక కూడా సారు ఆ సంగతి ఎత్తలేదు. తిట్టి ఉంటే తేలికయ్యేది. మనిషి మన తప్పును తన మీద వేసుకుని మామూలుగా పలకరిస్తుంటే ఎక్కడ చూడాలో తెలియదు. శిక్ష అమ్మ వేసింది.

"ప్రతి ఆదివారం ఒక్కొక్కరింటికి పో అన్నా. వాళ్ళ అవ్వనో, అయ్యనో అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోనిరా. తొందర లేదు."

ఆ ఎండాకాలం దాకా నేను తిరగని తండా లేదు. పిల్లలూ, మీ ఉద్యోగాల్లో మీరు ఎన్నో గడులు నింపుతారు. ఒక గడి వెనక ఇంత ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక ముసలామె కొడుకు పుట్టిన సంగతి చెప్పడానికి ముందు నాకు అంబలి పోసింది, పక్కింటామెను సాక్ష్యానికి పిలిచింది, ఇద్దరూ అది బుధవారమా గురువారమా అని కొట్లాడుకున్నారు. నేను రెండూ రాసుకున్నాను. మిరుగం నాడు, వాగు పొంగిన నాడు, పత్తి ఏరడం అయిపోయిన మర్నాడు అని నా రిజిస్టరు నిండింది. వాటికి దగ్గరగా తారీఖులు వెతికి పెట్టాం. అప్పటి నుంచి ఆ బేకరీలో ఏడాది పొడుగునా ఎవరో ఒకరి ఇంటికి కేకు వెళ్ళేది.

చివరికి ఒక్క గడి మిగిలింది. ఒక మధ్యాహ్నం భట్టీ దగ్గరికి వెళ్ళాను.

"తమ్మీ," అని పిలిచాను. చాచా అనడానికి నాకు ఇక నోరు రాలేదు. "నీ కార్డుల సంవత్సరమే ఉన్నది, తారీఖు లేదు. ఎవర్నడగాలె?"

"అమ్మీ లేదు, అబ్బా లేడు. అడగనీకి ఎవ్వలు మిగల్లేదన్నా." ట్రే లోపలికి తోసి, కాసేపు మంట వైపు చూశాడు. "గదే ఉంచు. జనవరి ఒకటి."

"అది నేను రాసిన తప్పు గద?"

"అప్పుడు తప్పే. నువ్వు మంచం మీదికెల్లి లేసి, సారుకు చెప్పినవు సూడు, నా భట్టీ నాకు మల్ల దొరికింది సూడు. గది ఏ తారీఖన్నా?"

కౌంటరు దగ్గరికి వచ్చి రిజిస్టరు తెరిచాను. కొట్టేసిన తారీఖు పక్కన మళ్ళీ జనవరి ఒకటి అనే రాశాను. ఈసారి అడిగి రాశాను.